పాఠశాలలు - గుఱ్ఱపుపిల్ల శిక్షణము

ఇటీవల ఒక పాఠశాల వార్షికోత్సవమునకు మమ్ము పిలిచిరి. పాటలును బహుమతిప్రదానమును ముగిసిన పిమ్మట, విద్యార్థులు తామే శిక్షణమిచ్చిన గుఱ్ఱమును సభవారికి చూపెదరని ప్రధానోపాధ్యాయులు ప్రకటించిరి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఎఱ్ఱని తట్టువ నెక్కి ఆటస్థలము చుట్టును మూడుమారులు త్రిప్పెను. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. మేమును చేసితిమి. మా ప్రక్కను నిలిచియుండిన వృద్ధుడొకడు మాత్రము చేతులు కదల్పలేదు. అతడు పూర్వము జట్కా తోలి జీవించినవాడు. సభ ముగిసిన తరువాత నతడు తట్టువ చెంతకు పోయి, దాని మెడ నిమిరి, పెదవిని బొటనవ్రేలితో నెత్తి చూచి, మావైపు తిరిగి, "బాబుగారూ, దీనికింకా పాలపళ్ళేనండి. నడిమి జత ఒక్కటే రాలింది" అనెను.

గుఱ్ఱమునకు ముందరి పాలపండ్లలో నడిమి జత రెండున్నర యేండ్లకును, దాని ప్రక్క జత మూడున్నర యేండ్లకును, కడజత నాలుగున్నర యేండ్లకును రాలి గట్టిపండ్లు వచ్చును. అనగా నాడు మేము కరతాళధ్వనులతో సన్మానించిన యా జంతువునకు మూడేండ్ల యీడు నిండినదో లేదో. దాని వీపుపై నెక్కినవాడు పదునేనేండ్ల పుష్టిగల బాలుడు.

మేమీ యుద్యమమునకు విరోధులము కాము. అది మొదటనే చెప్పుచున్నాము. గుఱ్ఱపుపిల్లను మచ్చికచేసి, నడక నేర్పి, స్వారికి యోగ్యముగ జేయుట కంటె బాలబాలికలకు మేలైన విద్య మిగుల నరుదు. పుస్తకములు నేర్పలేని యోర్పు నది నేర్పును. కోపిష్ఠివాని కోపమును నాడే బయటపెట్టి చూపును. కాని, ఎక్కి చూపుటయే పరీక్షగా పెట్టుకొన్న పాఠశాల ఈ విద్యను మొదటనే చెఱచుచున్నదని మా యభిప్రాయము. పాఠశాల సంవత్సరము జూనున మొదలై యేప్రిలున ముగియును. గుఱ్ఱపుపిల్ల యెముకల కా పంచాంగము తెలియదు. ఈ రెంటికిని పొత్తు కుదరనపుడు తగ్గవలసినది పాఠశాల పంచాంగమేగాని గుఱ్ఱపు వెన్ను కాదు.

ప్రాజెక్టు అను పేరున నేడు పాఠశాలలందు ప్రబలిన పద్ధతి యెచ్చటనుండి వచ్చినదో యించుక విచారింతము. అమెరికాలో మసచూసెట్సు రాష్ట్రమున నార్థాంప్టన్ పట్టణమందు 1908లో స్మిత్ వ్యవసాయ పాఠశాల తెరవబడెను. దాని నిర్వాహకుడు రూఫస్ స్టిమ్సన్ అనునాతడు. బాలురు బడితోటలో గంటసేపు త్రవ్వి యింటికి పోయినంతమాత్రమున వ్యవసాయము రాదని యాతడు తలచెను. అందువలన ప్రతి విద్యార్థియు తన యింటియొద్దనే యొక పంటనో పశువునో తన పూచీపై నుంచుకొని, దాని ఖర్చును రాబడిని తానే లెక్కవ్రాయవలెననియు, ఉపాధ్యాయుడు వచ్చి తనిఖీ చేయవలెననియు నేర్పాటు చేసెను. అమెరికా ప్రభుత్వమువారి 1917వ సంవత్సరపు స్మిత్-హ్యూస్ శాసనము వ్యవసాయవిద్యార్థులకు సంవత్సరమున కనీసము ఆరునెలల స్వయంకృషి యుండవలెనని విధించెను. అంతకు మునుపే, 1902లో, ఓహయో రాష్ట్రమున గ్రాహం అను పాఠశాలాధికారి పల్లెపిల్లలకై సంఘమొకటి స్థాపించెను. అదియే నేడు 4-హెచ్ సంఘములని ప్రసిద్ధి కెక్కిన యుద్యమమునకు మూలము. ఆ సంఘములందు గుఱ్ఱపు ప్రాజెక్టు పేరుగన్నది. ఓరెగాన్ రాష్ట్రమున పిల్లగుఱ్ఱపు శిక్షణము నొక్క యేటితో ముగింపరు. తొలుత చేతితో నడపుట, పిమ్మట నేలమీదనుండియే పగ్గములతో తోలుట, జీను సంగతి యా తరువాత. ఇంగ్లండులో 1929లో స్థాపింపబడిన పోనీ క్లబ్బువారు కూడ స్వారి నేర్పుటతో నాగక, గుఱ్ఱమును సాకుటయు బాలలకు పాఠముగా బెట్టిరి.

ఆ దేశముల వారందరును తప్పుచేయనివారని మేమనుట లేదు. కాని ప్రాజెక్టు అనగా నేమని వారు మొదట తలచిరో గమనింపుడు: ప్రాణియొక్క పూచీ, దినచర్య, లెక్క. మన పాఠశాలలకు వచ్చుసరికి పూచీ గుఱ్ఱపువానికిని, లెక్క గుమాస్తాకును పోయి, విద్యార్థికి మిగిలినది ప్రదర్శనము.

మనదేశమున కీ యూహ క్రొత్త కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ యధ్యక్షతను జరిగిన విద్యాసభ చేతిపని మూలముననే విద్య గరపవలెనని తీర్మానించెను. అచ్చట ముఖ్యముగా తలపెట్టినది రాట్నము. నూలుపోగు తెగినచో అతుకవచ్చును. చేయి తిరుగని బాలుడు పదిమారులు తెంచినను దూది నొచ్చుకొనదు. ప్రాణముగల దానితో చేయు పని యట్టిది కాదు. గుఱ్ఱపుపిల్లకు ఒకమారు కలిగిన భయము నెలలకొలది పోదు. బాలుడు తన తప్పు మరచిపోవును, తట్టువ మరువదు.

ఇక ఆ పని స్వభావ మెట్టిదో చెప్పెదము.

గుఱ్ఱము మేతజంతువు. దానిని తినునవి పెక్కు. కావున పాఱిపోవుటయే దానికి దైవమిచ్చిన యాయుధము. దాని కన్నులు తలకు రెండువైపుల నున్నవి. చుట్టు నాలుగుదిక్కులను చూచును గాని, ముక్కుకు సూటిగా నెదుటను, తోకకు సూటిగా వెనుకను దానికి కనబడదు. వెనుకనుండి చప్పుడు లేక పోయి తట్టినవాడు తన్ను తినుట గుఱ్ఱపు దుష్టత్వమువలన కాదు, చూపు లేని తావున దానిని బెదరించుటవలన. దాని చర్మము ఈగ వ్రాలినను తెలిసికొని ఆ చోటు మాత్రమే వడకించును. అట్టి చర్మముపై మడమపోట్లు పొడుచువాడు, ఎదుట నిలిచి వినుచున్నవాని చెవిలో అఱచుచున్నవానితో సమానుడు.

ఈ విద్యలోని రహస్యమంతయు నొక్కటి, అది విడుచుట. త్రాటిని లాగినపుడు గుఱ్ఱమునకు తెలియునది యేమియు లేదు. అది ఒక్క యడుగు ముందుకు వేసిన తత్‌క్షణమే త్రాడు సడలింపబడినచో, "ఇదియే వీడడిగినది" అని దానికి తెలియును. అడుగు వేసిన పిదపను లాగుచునే యుండినచో, వేసినను వేయకున్నను ఒక్కటే యని నేర్చుకొనును. మొండిగుఱ్ఱములనబడు వానిలో పెక్కింటికి ఈ విధముగ మొండితనము నేర్పినవాడు మనుష్యుడే. పండ్రెండేండ్ల బాలిక చేతికి ఈ సడలించు సమయము తెలిసినచో, నలుబదియేండ్ల బలశాలి చేయలేని పని యామె చేయగలదు. ఇచ్చట బలము పనికిరాదు. గుఱ్ఱము మనకంటె బలమైనదన్న సంగతి దానికి తెలియనీయకుండుటే నేర్పు.

మొదటి నెలలందు జీను పేరెత్తరాదు. తలత్రాడు వేయించుకొనుట, కట్టివేయగా నెమ్మదిగ నిలుచుట, ఒడలంతయు తాకనిచ్చుట, నాలుగు కాళ్ళును ఒకటొకటిగ నెత్తనిచ్చి గిట్టలు శుభ్రపరుపనిచ్చుట, ఇరుప్రక్కలనుండియు నడపబడుట. ఇరుప్రక్కల నని మేము నొక్కి చెప్పుచున్నాము. ఎడమవైపున నేర్చిన పాఠము కుడివైపున మరల క్రొత్తగా నేర్పవలసి యుండును. పిమ్మట గోనెపట్ట వీపున వేయుట, గొడుగు విప్పుట, సైకిలు ప్రక్కనుండి పోవుట, బడిగంట మ్రోగుట మొదలగు వానికి బెదరకుండ నలవాటు చేయుట. ఇందేది యైనను దూరమునుండి యారంభించి, గుఱ్ఱము చెవులు నెమ్మదిగ త్రిప్పి, తల దించి, పెదవులు నాకుకొనునంతవఱకు నిలిచి, అప్పుడొక్క యడుగు దగ్గరకు జరుగవలెను. దీనికి గడియారము పనికిరాదు. ఆ పిదప దీర్ఘమైన రెండు పగ్గములతో వెనుక ప్రక్కగ నడచుచు తోలుట. వీపుపై నెవరును లేకయే కుడి, యెడమ, నిలుపు, నడక యను నాలుగు మాటలును గుఱ్ఱమునకు వచ్చిన తరువాతనే జీను. జీను కట్టుబిగువు నొక్కనాడే బిగింపరాదు. నాడొక్క రంధ్రము, మరునాడింకొకటి.

మన రైతుల కిది తెలియని సంగతి కాదు. కోడెను కాడికి మరపువాడు రెండుపండ్ల కోడెకు ఉత్తకాడి నలవాటు చేయును, తేలిక దుంగను లాగించును, ముదురుయెద్దు జతను కట్టి నడకనేర్పును. ఆ యేటనే ధాన్యపుబస్తాల బండికి కట్టి బురదలో దింపువానిని ఊరివారు తిట్టుదురు. పశువు పండ్లు చూచి బేరమాడు మన పెద్దలు తమ బిడ్డల బడిలోని గుఱ్ఱపు పండ్లు చూడకుండుట మాకు వింతగా నున్నది.

పూర్వులు దీనిని గూర్చి తక్కువ వ్రాయలేదు. అమరసింహుడు గుఱ్ఱపు నడకల నైదింటిని, ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతమని పేరుపేరున చెప్పెను. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున అశ్వక్రీడలకు తావు గలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణమునకై ప్రత్యేకముగ కావ్యమే రచించెను. గుఱ్ఱపు శాస్త్రమునకు శాలిహోత్రుని పేరే పెట్టిరి. వీనిలో సుడులను బట్టి శుభాశుభములు చెప్పు భాగమును నేటివారు విడిచిపెట్టవచ్చును. సుడి మంచిదని లేగగుఱ్ఱము నెక్కువాడు, మార్కులు మంచివని యెక్కువాడు, ఇద్దరును మాకొక్కటే.

గ్రీసుదేశమున క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున జెనోఫన్ అను సేనాని గుఱ్ఱపు స్వారిని గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. మనిషి బిడ్డను ఒక వృత్తి నేర్చుకొన పంపునపుడు ఏమేమి నేర్పవలెనో ముందుగనే వ్రాసికొన్నట్లు, పిల్లగుఱ్ఱమును శిక్షకుని కప్పగించునపుడును ఏమేమి తెలిసి తిరిగి రావలెనో వ్రాతమూలమున నిర్ణయించుకొమ్మని యాతడు హితము చెప్పెను. శిక్షకునియొద్దకు పోకమునుపే అది మనుష్యుని ప్రేమించునట్లు ఇంటివారు సాకవలెననియు, ఆకలి దప్పులు తీరుట, ఈగలు తొలగుట మనుష్యునివలననే యని దానికి తెలియవలెననియు జెప్పెను. కోపమున గుఱ్ఱము జోలికి పోవలదని యాతని మరియొక హితము. రెండువేల మూడువందల యేండ్లు దాటినను దీనిని దిద్దవలసిన పని నేటి శాస్త్రజ్ఞులకు కలుగలేదు. మన పాఠశాలలవారు గుఱ్ఱము కొనునపుడు ఆతడు చెప్పిన యా వ్రాతయొక్కటి వ్రాసికొనినచో మా ప్రస్తావన సగము తగ్గిపోయెడిది.

ఇక వయస్సును బరువును గూర్చి. గుఱ్ఱము పైకి రెండేండ్లకే పెద్దదిగ కనబడును. ఎత్తు చాలవఱకు వచ్చియుండును. ఇదియే మోసము. ఎముకల చివరలందు పెరుగుదలకై యుండు మెత్తని పొరలు క్రిందినుండి మీదికి క్రమముగా గట్టిపడుచు వచ్చును. గిట్టదాపున ముందుగను, మోకాలిమీద రెండేండ్లు దాటినపిమ్మటను, వెన్నుపూసలందు అన్నిటికంటె తుదను, అనగా ఐదారేండ్ల ప్రాయమున, గట్టిపడును. మనము కూర్చుండు చోటే అన్నిటికంటె ఆలస్యముగ ముదురు చోటన్నమాట. ఆకారమున పొట్టిదైన తట్టువకు ఈ కాలము తక్కువయని కొందరనుకొందురు. అది సరికాదు. పొట్టిదైనంత మాత్రమున త్వరగా ముదురదు.

బరువును గూర్చి ఓహయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు చేసిన పరీక్షల ఫలితము 2008లో ప్రకటింపబడినది. ఎనిమిది గుఱ్ఱములపై వాని దేహపు బరువులో నూటికి 15, 20, 25, 30 వంతుల చొప్పున బరువు వేసి చూచిరి. 20 వంతులవఱకు పెద్దభేదము కనబడలేదు. 25 వంతులకు వచ్చుసరికి గుండె వేగమును, మరునాటి కండరముల నొప్పియు హెచ్చుట కానవచ్చెను. అవి ముదురు గుఱ్ఱములు. లేతవానికి హద్దు ఇంకను తక్కువగ నుండవలెననుట స్పష్టము. ఇప్పుడు లెక్క వేయుడు. తట్టువ బరువు 200 కిలోలనుకొందము. అందైదవవంతు 40 కిలోలు. జీను, కంబళి మొదలగునవి 6 కిలోలు పోగా రౌతునకు మిగిలినది 34 కిలోలు. తొమ్మిదవ తరగతి బాలురలో అంత తేలికయైనవాడు ఎందరుందురు? అంత తేలికయైనవాడు అయిదవ తరగతిలో నుండును. వానికి తొలిసారి మనిషి నెక్కించుకొను గుఱ్ఱమును పట్టి యుంచు నేర్పుండదు. నేర్పు వచ్చిన బాలుడు బరువు, తేలికయైన బాలునికి నేర్పు లేదు. ఈ చిక్కును తప్పించుకొనుటకు వేరుదారి లేదు: విద్యార్థులు నేలమీది శిక్షణమంతయు చేయవలెను, తొలుత నెక్కుట తేలికయైన దేహమును పండిన యనుభవమునుగల స్వారి వానికి విడువవలెను, అదియు నాలుగవ యేడు వచ్చిన తరువాత.

ఇందుకు పాఠశాలలవారు చెప్పు సమాధానములు మేమెరుగుదుము. ఒకటి, వారమునకు రెండు పీరియడ్లతో ఏ పని జరుగును, కావున త్వరపడక తప్పదని. ఈ భయము నిరాధారము. 1980లో అమెరికాలో పోనీలతో నొక పరీక్ష చేసి ప్రకటించిరి. కొన్నింటికి ప్రతిదినమును, కొన్నింటికి వారమునకు రెండుమారులును, కొన్నింటికి వారమున కొక్కమారును ఒకే పాఠము నేర్పిరి. వారమున కొక్కమారు నేర్చినవి అన్నిటికంటె తక్కువ పాఠములతోనే గురి చేరినవి. నాళ్ళు ఎక్కువ పట్టిన మాట నిజమే. కాని ప్రతిపాఠమును వ్యర్థము కాలేదు. కావున వారమునకు రెండు పీరియడ్లు పాఠశాలకు కొఱత కాదు, వరమే. కొఱతయైనది వాయిదా తేదీ. (సంగీతము నేర్పు మా మిత్రుడొకరు, ఈ పరీక్ష బాలురమీద చేసినను అదే ఫలము వచ్చునని ప్రమాణము చేయుచున్నారు.)

రెండవ సమాధానము, ఎక్కనీయనిచో పిల్లల కుత్సాహము చచ్చునని. ఉత్సాహముగల బాలుడు స్వారి నేర్చుకొనుటకు శిక్షణము పొందిన పెద్దగుఱ్ఱము కావలయును. లేతగుఱ్ఱము కాదు. ఎక్కుట తెలియని బాలుని, ఎక్కించుకొనుట తెలియని గుఱ్ఱముతో జతపరచుట గ్రుడ్డివాని చేతికి గ్రుడ్డివాని చేయి యందించుటయే. పెక్కు ప్రమాదము లీ జతనుండియే పుట్టును. శిరస్త్రాణము లేక బాలుని జీనుమీద కెక్కించు పాఠశాల నడుపబడుటకే తగదని మా నిశ్చయము. ఆ పాఠశాల వార్షికోత్సవమున బాలుని తలపై జరీ తలపాగ యుండెను. ఛాయాచిత్రమునకు బాగుండునని కాబోలు.

మార్కుల సంగతి యేమందురా? గుఱ్ఱమును త్రిప్పి చూపుటకు మార్కులు వేయకుడు. విద్యార్థి దినచర్యపుస్తకమున కెన్ని మార్కులు, గుఱ్ఱము నాలుగు గిట్టలు నెత్తనిచ్చినచో నెన్ని, ఎవరును లాగకయే సడలిన త్రాటితో వెంటవచ్చినచో నెన్ని, పశువైద్యుడు తాక నెమ్మదిగ నిలిచినచో నెన్ని అని యేర్పరుపుడు. "నేడు పాఠము చెప్పక యూరకుంటిని, గుఱ్ఱమునకు దగ్గు వచ్చినది" అని పుస్తకమున వ్రాసిన బాలికకు ఆనాటికి నిండు మార్కులు రావలెను. గుఱ్ఱపుపిల్ల రెండేండ్లదైనచో ఆ యేటి ప్రాజెక్టు ఎవరును ఎక్కకయే ముగియవలెను. తరువాతి తరగతివారు అందిపుచ్చుకొని ఆ పుస్తకమునే కొనసాగింపవలెను. ఒక తరగతివారు మొదలుపెట్టినది మరియొక తరగతివారు ముగించుట మన పాఠశాలలందు లేని యాచారము. ఇందుమూలమున నది వచ్చినచో గుఱ్ఱముకంటె నది పెద్దలాభమని మాకు తోచుచున్నది.

మేత విషయమున రెండు మాటలు. గుఱ్ఱపు కడుపు చిన్నది. అది దినమంతయు కొంచెముకొంచెముగ గడ్డి నమలవలసిన జంతువు. వాంతి చేసికొనలేదు. గంపెడు దాణా ఒక్కమారు పెట్టి ఆదివారమంతయు తలుపు మూసిన సాలలో నుంచినచో కడుపునొప్పితో చచ్చును. మన యుడికించిన ఉలవలను గుగ్గిళ్ళని తెలుగిండ్లలో నేటికిని పిలుచుచున్నారు, వాని నెవరికి పెట్టుదురో మాత్రము పిల్లలు మరచిరి. దానికి ధనుర్వాతపు టీకా తప్పక వేయింపవలెను. ఆ రోగమునకు గుఱ్ఱమంత లోబడు పెంపుడుజంతువు వేరొకటి లేదు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు గుఱ్ఱమునకు లేవు. ఈ సెలవులందు నీరు త్రాపువాడెవడో పేరుతో సహా వ్రాసికొనని పాఠశాల గుఱ్ఱపు జోలికి పోరాదు.

ఈ పని నేర్పు గురువు లెచ్చట దొరకుదురని యడుగుట న్యాయమే. మనదేశమున గుఱ్ఱములు, తట్టువలు 2012 నాటి పశుగణనమున 6.25 లక్షలుండగా, 2019 నాటికి 3.42 లక్షలైనవి. ఏడేండ్లలో దాదాపు సగము పోయినవన్నమాట. గుఱ్ఱములు పోయినచోట గుఱ్ఱపువిద్య నిలువదు. సాహిణి యను మాటకు అర్థము నేడు నిఘంటువులో చూడవలసియున్నది. మన పట్టణములందు జట్కాలు పోయి మోటారులు వచ్చినపుడు, జట్కావాండ్రతోడనే వారి నేర్పును పోయినది. అయినను మిగిలినవారు లేకపోలేదు. తిరుపతిలోను హైదరాబాదులోను పశువైద్య కళాశాలలున్నవి, ఎన్.సి.సి.వారి అశ్వదళములున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు పుస్తకసంచి లేని పదిదినములు నిర్ణయించి, ఆ దినములందు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగు స్థానిక వృత్తిజ్ఞులయొద్ద పిల్లలు పని నేర్చుకొనవచ్చునని చెప్పినది. ఆ జాబితాలో ముసలి గుఱ్ఱపువాని నొకనిని చేర్చుటకు ఎవరి యుత్తరువును అక్కరలేదు. మాతో మాటలాడిన యా వృద్ధుడు అక్షరమెరుగడు. కాని సభయంతటిలో ఆ తట్టువ నిజమైన యీడు చెప్పగలిగినవాడు అతడొక్కడే. అతనిని సభలో వెనుక వరుసను, అదియు నిలువబెట్టిరి.

చట్టము ఏమనుచున్నదో కూడ పాఠశాల కమిటీలవారు చదువుట మంచిది. 1960 నాటి జంతుహింసా నివారణ శాసనము 11వ సెక్షను, వయస్సువలన పనికి తగని జంతువుచే పని చేయించుట నేరమని చెప్పుచున్నది. పాఠశాలలకు మినహాయింపు లేదు. మేము పోలీసువారిని బడికి రమ్మనుట లేదు. కాని కొనుటకు మునుపే పశువైద్యుని పిలిచి, పండ్లు చూపించి, వయస్సు వ్రాయించి, ఆ కాగితమును సాల తలుపునకు అంటింపుడని కోరుచున్నాము. ఆ కాగితముమీదనే ఏ తేదీకి ముందు ఎవరును ఎక్కగూడదో కూడ వ్రాయింపుడు. ప్రధానోపాధ్యాయులు మారినను, విశిష్ట అతిథి యెవరైనను, ఆ తేదీ మారరాదు.

మరియొక ప్రశ్న మిగిలియున్నది. దీనిని పాఠశాలవారు తమంతట నెన్నడును ప్రస్తావింపరు. ప్రాజెక్టు ముగిసిన పిమ్మట గుఱ్ఱ మేమగును? బాలుడు పదవతరగతి ముగించి కళాశాలకు పోవును. తట్టువ ఇరువదియైదేండ్లు బ్రదుకును. మూడేండ్లకే వెన్నునొచ్చి, జీను చూడగనే వెనుకకు తగ్గుట నేర్చిన దానిని కొనువాడెవడు? పెండ్లి యూరేగింపులవారికో, సముద్రతీరమున గంటకింతయని పిల్లల నెక్కించువారికో అగ్గువకు పోవును. అచ్చట పండ్లు చూచువారుండరు. ఏ గుఱ్ఱపుపిల్లను పాఠశాల కొనినను, దాని తరువాతి యజమాని యెవరు, అతనియొద్ద మేత కేర్పాటేమి యన్నది కొన్ననాడే కమిటీ తీర్మానపుస్తకమున కెక్కవలెను.

ఆ యెఱ్ఱతట్టువ సంగతి మాకు మరపు రాలేదు. వార్షికోత్సవమైన నాలుగునెలలకు, వేసవి సెలవులు ముగియగనే, దాని క్షేమము తెలుపుడని ఆ పాఠశాలవారికి జాబు వ్రాసితిమి. దానిని ఏప్రిలు కడపటనే విక్రయించితిమనియు, ఈ యేడు ప్రాజెక్టుకై రెండేండ్ల క్రొత్తపిల్లను బేరమాడుచున్నామనియు, రాబోవు ఫిబ్రవరిలో తప్పక మరల దయచేయవలెననియు ప్రత్యుత్తరము వచ్చినది. ఆ వృద్ధుని వెంటబెట్టుకొని, ఫిబ్రవరివఱకు ఆగక, ఈ నెలలోనే వచ్చెదమని మరల వ్రాసితిమి.